పచ్చపెట్టెలో మంచి జత

వీధిలో అందరూ ఆయన్ని లైన్‌మన్ అనే పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు గానీ, అది ఆఫీసు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. టెలిఫోను తీగలు బాగుచేసే పనిలోనే జుట్టు నెరిసింది. నడుముకి ఎప్పుడూ పసుపురంగు టెస్టుఫోను ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని కొక్కేలు రెండూ తీగలకి తగిలించి, చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడంటే, పక్కన ఎవరు గొంతు చించుకున్నా వినపడదు. "నీళ్ళు దిగాయి" అంటాడు. "అతుకు వదులైంది" అంటాడు. చాలాసార్లు అదే నిజమవుతుంది. కానప్పుడు నేరం ఎలకల మీదికి తోసేస్తాడు. ఎలకలు వచ్చి కాదనవు కదా.

ఒక ఇంటికి ఫోను రావాలన్నా, ఇంటర్నెట్ రావాలన్నా కావలసింది రెండే రాగి తీగలు. ఆ పనివాళ్ళు దాన్ని జత అంటారు. వీధి మొదట్లో చెత్తకుండీ పక్కన పచ్చరంగు ఇనప్పెట్టె ఒకటి, వీధి చివర స్తంభం మీద చిన్నపెట్టె ఒకటి, రెంటి మధ్యా నేలలో పాత కేబులు. అందులో జతలైతే బోలెడు ఉన్నాయి గానీ ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని సగానికి పైగా పాడయ్యాయి. పాడైన జత మీద ఫోను ఎత్తితే గరగర. ఇంటర్నెట్ అయితే వచ్చినట్టే వచ్చి పోతుంది. కేబులు మార్చండి మహాప్రభో అంటే, "వచ్చే ఏడాది ఫైబర్ వేస్తున్నాంగా, ఈలోగా సర్దుకో" అంటారు పైవాళ్ళు. ఆ వచ్చే ఏడాది వాళ్ళ క్యాలెండర్లోకి ఇంకా రాలేదు.

సర్దుకోవడం అంటే ఏమిటో లైన్‌మన్లందరికీ తెలుసు. వచ్చిన ఫిర్యాదు సాయంత్రానికల్లా మూసెయ్యాలి. కొత్తగా మంచి జత ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది? అందుకని నోరు చేసుకునే ఇంటికి, నోరెత్తని ఇంటి జత తీసి ఇచ్చేస్తారు. గరగర ఎక్కడికీ పోదు, ఇల్లు మారుతుంది, అంతే. ఈ విద్య ఎవరూ నేర్పరు, ఎవరూ దాచరు, ఎక్కడా రాసుకోరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో లైన్‌మన్‌కి కాస్త మనసు పీకేది. తర్వాత అలవాటైపోయింది. ఎంతైనా పరాయి ఇళ్ళు, పరాయి గరగర.

సొంత ఇంటి కోసం మాత్రం ఆ పని ఒక్కసారే చేశాడు.

ఆయనకి ఒక్కతే కూతురు. భార్య పోయాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. కూతురు ఇంటి నుంచే ఏదో కంపెనీకి ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. గీసింది పంపబోయేసరికి లైను ఠక్కున తెగేది. మళ్ళీ మొదటి నుంచి పంపాలి. ఓ రోజు అన్నం ముందు కూర్చుని కూడా తినకుండా, "ఊరందరి లైన్లూ బాగుచేస్తావు, మనింటికి వచ్చేసరికి నీ చేతికి ఏమవుతుంది నాన్నా?" అంది. విసుగుతో అన్న మాటే గానీ, ఆయనకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం, ఎండకి వీధంతా తలుపులేసుకున్న వేళ, పచ్చపెట్టె తెరిచి ఒక్కో జతకీ టెస్టుఫోను తగిలించి విన్నాడు. ఖాళీగా ఉన్నవన్నీ గరగరే. ఒక్క జత మాత్రం గుడ్డ పెట్టి తుడిచినంత శుభ్రంగా ఉంది. అది నీలం గేటు ఇంటిది. అక్కడ ఉండేది ఇద్దరే ఆడవాళ్ళు, ఒక టీచరు, ఆమెను పెంచిన పెద్దమ్మ. ఏనాడూ ఫిర్యాదు ఇచ్చిన ఇల్లు కాదు. ఇంటర్నెట్ లేదు, ఉన్నదల్లా ఒక ఫోను. అదీ ఎప్పుడో ఓసారి మోగుతుంది. పెద్దావిడకి చెవులు ఎలాగూ అంతంతమాత్రం, కాస్త గరగర చేరితే మునిగిపోయేదేముంది అనుకున్నాడు. పచ్చపెట్టెలో ఒకసారి, స్తంభమెక్కి చిన్నపెట్టెలో ఒకసారి తీగలు అటూ ఇటూ మార్చాడు. మంచి జత తన ఇంటికొచ్చింది. తన ఇంటి గరగర నీలం గేటుకి పోయింది.

"ఏం మంత్రం వేశావు నాన్నా?" అని సాయంత్రం కూతురు ఎగిరి గంతేసింది.

"పాత అతుకేదో ఊడింది, బిగించాను" అన్నాడు. ఎలకల మాట మాత్రం ఎత్తలేదు.

అంతటితో ఆ సంగతి మర్చిపోయేవాడే. కానీ కొన్నాళ్ళకి నీలం గేటు ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది. కొత్తగా ఇంటర్నెట్ పెట్టించుకున్నారట, మాటిమాటికీ తెగిపోతోందట. ఆ చిరునామా చూడగానే లైన్‌మన్ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

నీలం గేటు ఇంటామెను వీధిలో మాటల టీచరు అంటారు. నత్తి ఉన్న పిల్లలకి మాట్లాడటం నేర్పడం ఆమె పని. ఇదివరకు ఒక ఆసుపత్రిలో చేసేది. అక్కడ మాటలు నేర్పే గది ఎత్తేసి, ఇంటి నుంచే కంప్యూటర్లో నేర్పుకోమన్నారు. ఆమె షాపుకెళ్ళి, అన్నిటికంటే కింది అరలో ఉన్న అన్నిటికంటే చవక మోడెం కొనుక్కొచ్చింది. అరచేయంత తెల్లటి డబ్బా, దాని మీద ఆకుపచ్చ దీపం ఒకటి. లైను బాగుంటే నిలకడగా వెలుగుతుంది, తెగితే ఎర్రబడుతుంది. లైన్‌మన్ వెళ్ళేసరికి ఎర్రగానే ఉంది.

"చూడండి అన్నయ్యగారూ, పొద్దుట్నుంచీ ఇదే వరస" అంది టీచరు.

ఆయన టెస్టుఫోను తగిలించి విన్నాడు. ఆ గరగర ఆయనకి బాగా తెలిసిందే. నిన్నమొన్నటి వరకూ సొంత ఇంట్లో విన్నదే. చెవి నుంచి ఫోను తీసి, "లైను..." అని ఆగాడు.

పెద్దమ్మకి ఒక అలవాటుంది. చెవులు సరిగా వినపడవు గనక, ఎదుటివాళ్ళ మాటలో మొదటి ముక్క పట్టుకుని మిగతాది తనే పూర్తిచేసేస్తుంది. "లైను శుభ్రంగా ఉంది, మోడెమే దండగమారిది అంటావు, అంతేగా నాయనా?" అంది కుర్చీలోంచి.

"పెద్దమ్మా, ఎవరి మాట వాళ్ళని పూర్తిచెయ్యనియ్యమని ఎన్నిసార్లు చెప్పాను నీకు" అని టీచరు కసిరింది.

కాదని చెప్పడానికి లైన్‌మన్‌కి అంతకంటే మంచి అదను దొరకదు. టీచరు మొహం చూశాడు, పెద్దమ్మ మొహం చూశాడు. నీళ్ళు నమిలి చివరికి, "చవక మోడెం కదమ్మా మరి" అన్నాడు. పెద్దమ్మ నోట్లో పెట్టిన మాటనే అప్పజెప్పాడు, అంతే. అయినా అబద్ధం అబద్ధమే.

గేటు దాటకముందే లోపల మొదలైంది. "నే చెప్పలా? చవక చవక అని ఎగబడ్డావు. పిల్లల బతుకులతో పని పెట్టుకుని పీనాసితనమేంటే?" అని పెద్దమ్మ దులిపేస్తోంది. టీచరు ఒక్క మాటకీ ఎదురు చెప్పడం లేదు. లైన్‌మన్ గేటు గొళ్ళెం చప్పుడు కాకుండా వేసి, తేలు కుట్టిన దొంగలా వీధి దాటాడు.

రెండోసారి పిలుపొచ్చేసరికి టీచరు చెయ్యని ప్రయత్నం లేదు. ఎవరో వేడెక్కుతుందంటే మోడెంని బోర్లించిన గిన్నె మీద కూర్చోబెట్టింది. ఫ్రిజ్‌కి దూరంగా జరిపింది. గోడ నుంచి వచ్చే వైరు మార్చింది. తన దగ్గర ఏదో లోపముందని, అదేమిటో కనిపెడితే చాలని ఆమె నమ్మకం. లైన్‌మన్ ఆ బోర్లించిన గిన్నె వైపు చూడకుండా టెస్టుఫోను తగిలించాడు.

నిజం చెప్పే ధైర్యం ఆ రోజూ రాలేదు. బదులుగా చేతనైన వైద్యం చేశాడు. మోడెం లోపలి లెక్కలు కంప్యూటర్లో తెరిచి, దాని వేగం బాగా తగ్గించాడు.

"ఇది లైను మోయలేనంత వేగం అడుగుతోంది. కాస్త గరగర రాగానే చేతులెత్తేస్తోంది. ఇకమీదట తక్కువే అడుగుతుంది. నెమ్మదిగా నడుస్తుంది గానీ నిలబడుతుంది" అన్నాడు.

"మా పిల్లలకి నేను చెప్పేదీ అదే అన్నయ్యగారూ. తొందరపడద్దు, మెల్లగా రండి, మాట నిలబడుతుంది అని" అంటూ టీచరు నవ్వింది.

నిజంగానే నిలబడింది. బొమ్మ కొంచెం మసకబారినా లైను తెగడం మానేసింది. ఇక చూడాలి ఆ ఇంట్లో ఆయనకి జరిగిన మర్యాద. వీధిలో కనపడితే చాలు పెద్దమ్మ గేటు దాకా వచ్చి, "నీ చేతిలో ఏముందో గానీ నాయనా, మా అమ్మాయి ఉద్యోగం నిలబెట్టావు" అనేది. లోపలికి లాక్కెళ్ళి కాఫీ ఇచ్చేది. ఆ కాఫీ ఆయనకి గొంతు దిగేది కాదు. దొంగిలించిన గొడుగు బదులు చిరుగు గొడుగు ఇచ్చి దండలేయించుకుంటున్నట్టుంది తన పని అనుకునేవాడు. తర్వాత్తర్వాత ఆ గేటు తప్పించి, వీధి రెండో చివర నుంచి చుట్టు తిరిగి ఇంటికెళ్ళడం మొదలుపెట్టాడు. కూతురు మాత్రం మంచి జత మీద హాయిగా ప్లాన్లు పంపుకుంటోంది. ఆమె ఈల వేసుకుంటూ పని చేస్తుంటే ఆయన టీవీ శబ్దం పెంచేవాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. కేబుల్లోకి కొత్తగా నీళ్ళు దిగాయి. మోడెం ఎంత తక్కువ అడిగినా ఆ జత ఆ కాస్తా ఇవ్వలేని స్థితికొచ్చింది.

ఈసారి టీచరు ఫోను చేసినప్పుడు గొంతు బొంగురుపోయి ఉంది. "ఒక్కసారి రండి అన్నయ్యగారూ. క్లాసు జరుగుతుండగానే చూస్తే మీకు తెలుస్తుంది. ఒక పాప ఉంది. దాన్ని పోగొట్టుకునేలా ఉన్నాను."

తడిసిన బూట్లు గుమ్మం బయట విడిచి వెళ్ళాడు. టీచరు గొంతు తగ్గించి చెప్పింది. ఆ పాపకి అన్ని మాటలూ ఎలాగోలా వస్తాయి, ఒక్క తన పేరే రాదు. బళ్ళో పేరడిగితే తలొంచుకుంటుంది. ఎన్నో వారాలు బతిమాలితే ఈమధ్యే ప్రయత్నించడం మొదలుపెట్టింది. ఆ పేరు మొదటక్షరం దగ్గర పాప కాసేపు ఆగిపోతుంది. మాటిమాటికీ తెగే లైను ఎక్కువసార్లు సరిగ్గా అలా ఆగినప్పుడే తెగుతోంది.

లైన్‌మన్ తలుపు పక్కన, కంప్యూటర్లో కనపడకుండా నిలబడ్డాడు. తెర మీద రెండు జడల పిల్ల. టీచరు చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఊపిరి తీసి చూపించింది. పాప కూడా ఊపిరి తీసింది. పెదవులు కలిశాయి, బుగ్గలు బిగిశాయి, కళ్ళు మూసుకుంది. అక్షరం అంచు దాకా వచ్చింది. మోడెం దీపం ఎర్రబడింది. పాప మొహం అలాగే, నోరు సగం తెరుచుకుని, తెర మీద అతుక్కుపోయింది.

కాసేపటికి దీపం పచ్చబడి పాప మళ్ళీ కదిలింది.

"టీ... టీచర్, నేను లే... లేటు చేశానని తెగిందా?"

"కాదమ్మా, మా మోడెం మంచిది కాదు. తప్పు నాదే, చవకది కొన్నాను."

"కాదు. నేను ఆ... ఆగితేనే తెగుతుంది. ఎప్పుడూ."

ఆ తర్వాత పాప నోరు తెరవలేదు. వేళ్ళతో టైపు చేసింది. 'ఇంక మాట్లాడను టీచర్' అని అక్షరాలు తెర మీద వచ్చాయి. బొమ్మ మాయమైంది. ఈసారి లైను తెగలేదు, పాపే కట్టేసింది.

"వాళ్ళమ్మ కూడా ఇక మాన్పించేస్తానంటోంది" అంటూ టీచరు మోడెం వైపు చూసింది. "ఇంకో నాలుగు డబ్బులు పెట్టి మంచిది కొనుంటే..."

లైన్‌మన్ అక్కడ నిలబడలేకపోయాడు. వానలోనే బయటికొచ్చాడు. తను తెంపింది ఉత్త లైను కాదు, ఒక పిల్ల పేరు. తప్పు తనది. ఆ తప్పుని టీచరు నెత్తిన వేసుకుంది, పెద్దమ్మ మోడెం నెత్తిన వేసింది, చివరికి ఆ పసిది తన నోటి మీద వేసుకుంది. తిరిగి తిరిగి ఎవరి మీద వాలిందో చూస్తే ఆయనకి ఏడుపొచ్చింది. ఏడుస్తున్నందుకూ సిగ్గేసింది.

పచ్చపెట్టె తలుపు తెరిచి, దానికి గొడుగు అడ్డం పెట్టి, తను మాత్రం తడుస్తూ తీగలు మార్చాడు. ఏ జత ఎక్కడుందో వెతుక్కోవలసిన అవసరం లేదు. నిచ్చెనేసి స్తంభమెక్కాడు. చేతులు జారుతున్నా దిగలేదు. టెస్టుఫోను తగిలించి విన్నాడు. నీలం గేటు జత మళ్ళీ శుభ్రంగా ఉంది.

ఇంటికెళ్ళేసరికి కూతురు తల పట్టుకుని కూర్చుంది. "నాన్నా, మళ్ళీ మొదలైంది! పాత జబ్బే."

"అవును. నేనే పెట్టాను" అన్నాడు. తువ్వాలు అందుకోకుండా, గుమ్మంలోనే నీళ్ళోడుతూ నిలబడి మొత్తం చెప్పేశాడు. బోర్లించిన గిన్నె, కాఫీలు, పాప అడిగిన మాట, ఏదీ దాచలేదు.

కూతురు తెర మీద ఆగిపోయిన ప్లాను మూసేసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"అతుకు బిగించానన్నావు చూడు, అప్పుడే నాకు నమ్మకం కలగలేదు నాన్నా" అంది చివరికి. "అడిగితే మంచి లైను పోతుందేమోనని అడగలేదు." లేచి తువ్వాలు తెచ్చి తండ్రి తల తుడిచింది. "వాళ్ళకి చెప్పావా?"

"తీగలు మార్చేశానుగా."

"చెప్పావా అని అడుగుతున్నాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. కూతురు తువ్వాలు ఆయన భుజం మీద వేసి లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు నీలం గేటు తెరుచుకుని వెళ్ళేసరికి టీచరు ఎదురొచ్చింది. "నిన్నట్నుంచీ దీపం ఎర్రబడలేదు అన్నయ్యగారూ! మీరే ఏదో చేశారు. కానీ ఏం లాభం, పాప రానంటోంది."

"అమ్మా, నేను..." అన్నాడు లైన్‌మన్.

"నేను మోడెం మార్చి..." అని పెద్దమ్మ అందుకుంది.

"కాదు పెద్దమ్మగారూ. ఈ ఒక్క మాటా నన్నే పూర్తిచెయ్యనివ్వండి." కుర్చీ అంచున కూర్చున్నాడు. "మోడెం తప్పు కాదు. మీ తప్పూ కాదు. మీ ఇంటి మంచి జత తీసి మా ఇంటికి పెట్టుకున్నాను. మా ఇంటి చెడ్డది మీకిచ్చాను. తెలిసి తెలిసి మీ మోడెం మీదకి నెట్టాను."

పెద్దమ్మకి సగమే వినపడింది గానీ, మిగతా సగం ఆయన మొహంలో చదువుకుంది. జన్మలో మొదటిసారి ఎవరి మాటనీ పూర్తిచెయ్యకుండా కూర్చుంది.

టీచరు మోడెం దగ్గరికెళ్ళి, దాని కింది గిన్నె తీసి బల్ల మీద తిప్పి పెట్టింది. వెనక్కి తిరిగేసరికి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను. మీకు కాఫీలిచ్చాను." ఆమె గిన్నె పక్కకి నెట్టింది. "నాకు మీరు క్షమాపణ చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఆ పిల్లకి చెప్పండి. అది తన వల్లే అనుకుంటోంది."

"చిన్నపిల్ల కదమ్మా, దానికేం అర్థమవుతుంది?"

"మీకంటే బాగానే అర్థమవుతుంది" అంది టీచరు. పాప వాళ్ళమ్మకి ఫోను చేసి, ఒక్కసారికి కూర్చోబెట్టమని బతిమాలింది.

తెర మీద రెండు జడలూ కనపడ్డాయి. పాప మొహం ముడుచుకుని, పెదవులు బిగించి కూర్చుంది. ఎదురుగా లైన్‌మన్. ఇందాక టీచరుకి చెప్పిన మాటలన్నీ ఎటో పోయాయి.

"అమ్మాయ్, నేను లైన్‌మన్‌ని. ఆ లైను... అది నేను..." అని ఆగాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. "నేను... నేను..." పెద్దమ్మ నోరు తెరవబోయి, తన చేత్తో తనే మూసుకుంది.

పాప ఆయన్నే చూస్తోంది. ఆ ఆగిపోవడం ఆమెకి కొత్త కాదు. ముడుచుకున్న మొహం కాస్త విచ్చుకుంది. చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఊపిరి తీసి చూపించింది.

"తొం... తొందరేం లేదు తాతగారూ."

ఆయన ఊపిరి తీశాడు. "లైను తెగింది నా వల్ల తల్లీ. మంచి తీగ నేను తీసేసుకున్నాను. నువ్వు ఆగినందుకు కాదు. ఒక్కసారి కూడా నీ వల్ల తెగలేదు."

పాప ఆలోచించింది. "అ... అన్నిసార్లూ మీ వల్లేనా?"

"అన్నిసార్లూ."

"నేను పేరు చెప్తుంటే కూడా?"

"అప్పుడు కూడా తల్లీ."

పాపకి కోపం వచ్చింది. దాచుకోలేదు, బుగ్గలు పొంగించి ఆయన్ని చురచురా చూసింది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "అయితే ఇ... ఇప్పుడు వినండి. వెళ్ళిపోకండి" అంది.

పెదవులు కలిశాయి. బుగ్గలు బిగిశాయి. లైన్‌మన్ టెస్టుఫోను పెట్టుకున్నప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ వినపడలేదు. గరగర లేదు, మరే చప్పుడూ లేదు, అవతల ఒక పిల్ల ఊపిరి మాత్రమే. లైను ఉందో పోయిందోనని కళ్ళు తెరిచి చూడాలనిపించింది. చూడలేదు. ఆ గదిలో ఎవరూ కదల్లేదు.

పేరు వచ్చింది. మొదటక్షరం మూడు ముక్కలైనా, చివరిదాకా వచ్చింది.

"వినపడిందా తాతగారూ?"

"వినపడింది తల్లీ" అన్నాడు ఆయన, కళ్ళు ఇంకా తెరవకుండానే.